వుజూఖానా బండ మీద తగువు: పగిలిన రాళ్లు మళ్లీ ఎలా ఒక్కటవుతాయి?

మా మొహల్లా మస్జిద్‌లో వుజూఖానా బాగుచేసే పని మొదలైంది. ఎప్పటివో షాబాదు బండలు. అరిగిపోయి, నాచు పట్టి, ఫజర్ వేళ పెద్దవాళ్లు జారిపడే పరిస్థితి. కొత్త బండలు వేద్దామని కమిటీ అనుకుంది, చందాలు కూడా వసూలయ్యాయి. రాళ్ల దుకాణం వాళ్లు ఒక నమూనా బండ పంపారు. దాన్ని గోడకి ఆనించి పెట్టగానే తగువు మొదలైంది.

ఆ బండ నిండా ముక్కలే. బూడిద రంగువి, గోధుమ రంగువి, తెల్లవి. ఒక్కో ముక్క పగిలిన పెంకులాగా కోసు అంచులతో ఉంది. ముక్కల మధ్య సందుల్లో తెల్లటి పదార్థం నిండి ఉంది. చూడ్డానికి అందంగానే ఉంది. కానీ కమిటీలో పెద్దాయన ఒకరు వేలితో తట్టి చూసి, "ఇది విరిగిన రాయి భాయ్. ముక్కలు అతికించి పాలిష్ కొట్టి మనకి అంటగడుతున్నారు. చందా డబ్బు అమానత్, దీనికి జవాబు చెప్పుకోవాలి" అన్నారు. దుకాణం మనిషేమో "ఇది అసలైన రాయి సాబ్, గనిలోంచి ఇలాగే వస్తుంది" అని ఒకటే మాట. లెక్కలు రాసేది నేను కాబట్టి, సంగతేంటో కనుక్కొచ్చే పని నా మీద పడింది.

నేను చదివింది బీకాం. రాళ్ల గురించి నాకు తెలిసింది సున్నా. ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్ దగ్గర కూర్చున్నాను, కొంత చదివాను. తెలుసుకున్నది మా కమిటీకే కాదు, ఇంటికి బండలు కొనే ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కంకరకీ గులకరాయికీ తేడా

ముందు పేరు. ఇలా కోసు అంచుల ముక్కలు కలిసి గట్టిపడిన రాయిని బ్రెషియా అంటారు. ఇది ఇటాలియన్ మాట, పగిలిన రాళ్ల గుట్ట అని అర్థం. 2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద ముక్కలు ఉండాలి, వాటి అంచులు పదునుగా ఉండాలి. అప్పుడే బ్రెషియా.

స్లాబ్ పోసేటప్పుడు కంకర చూసే ఉంటారు. క్రషర్‌లో పగిలిన రాయి కాబట్టి చేతికి గుచ్చుకుంటుంది. అదే వాగులో ఏరుకున్న గులకరాయి నున్నగా, గుండ్రంగా ఉంటుంది. అదీ ఒకప్పుడు ఏదో కొండ నుంచి విరిగిన ముక్కే. నీళ్లలో దొర్లుతూ, ఒకదానికొకటి రాసుకుంటూ మైళ్ల దూరం వచ్చేసరికి దాని మూలలన్నీ అరిగిపోయాయి. అంటే రాయి అంచు చూస్తే అది ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది. పదునైన అంచు ఉంటే, పగిలిన చోటికి దగ్గర్లోనే ఆగిపోయిందని అర్థం.

గుండ్రటి రాళ్లు కలిసి గట్టిపడితే దాన్ని కాంగ్లోమరేట్ అంటారు. మన దగ్గర బనగానపల్లె కాంగ్లోమరేట్ పేరున్నది. అందులో ఒకప్పుడు వజ్రాలు తవ్వేవాళ్లు. బ్రెషియా, కాంగ్లోమరేట్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వాటి కథలు వేరు.

అతికించేది ఎవరు?

పెద్దాయన అడిగిన అసలు ప్రశ్న ఇదే. ముక్కలు ఉన్నాయి సరే, వాటిని అతికించింది ఎవరు?

చాలాసార్లు నీళ్లే. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా పట్టుకుంటుంది కదా. నీళ్లలో కరిగి ఉన్న సున్నపు పదార్థం, అంటే కాల్షియం కార్బనేట్, అలా పేరుకుంటుంది. భూమి లోపలా ఇదే జరుగుతుంది. పగిలిన ముక్కల సందుల్లోంచి నీళ్లు మెల్లగా పారుతుంటాయి. వాటిలో కరిగిన ఖనిజం గోడలకి పొరలు పొరలుగా పట్టుకుంటుంది. కాలం గడిచేకొద్దీ సందు మొత్తం పూడిపోతుంది. కాల్షియం కార్బనేట్ అయితే తెల్లటి కాల్సైట్ అవుతుంది. సిలికా అయితే క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. ఇనుము ఉంటే తుప్పు ఎరుపు వస్తుంది. కొన్నిచోట్ల ముక్కలతోపాటు పడిన సన్నటి పొడి, మట్టే బరువుకి ఒత్తుకుపోయి గట్టిపడుతుంది. ఇంకొన్నిచోట్ల కరిగిన రాయే చల్లారి అతుకుతుంది.

మేస్త్రీ కాంక్రీటులో కంకర, ఇసుక, సిమెంటు కలిపినట్టే ఇదీ. కాకపోతే మేస్త్రీకి ఇరవై ఎనిమిది రోజుల క్యూరింగ్ చాలు. ఇక్కడ వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పట్టొచ్చు.

రాయి పగలడానికి కారణాలు

ఒకటి, కొండచరియ. ఎండకి వానకి, వేర్ల ఒత్తిడికి, చలి దేశాల్లో పగుళ్లలో గడ్డకట్టే నీటికి కొండ ముఖం పగిలి ముక్కలు కింద పడతాయి. ఆ గుట్ట అక్కడే ఉండిపోయి గట్టిపడితే బ్రెషియా.

రెండు, భూమిలో ఫాల్ట్. రెండు పెద్ద రాతి దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి జరిగితే మధ్యలో ఉన్న రాయి నలిగిపోతుంది. రెండు తిరగలి రాళ్ల మధ్య గింజల పరిస్థితి. పెద్ద ముక్కలు మిగిలితే ఫాల్ట్ బ్రెషియా, పూర్తిగా పిండి అయితే బంకమట్టి లాంటి పదార్థం మిగులుతుంది.

మూడు, వేడి నీళ్ల ఒత్తిడి. లోతులో బాగా వేడెక్కిన నీళ్లు బయటికి దారి దొరక్క చుట్టూ ఉన్న రాయిని పగలగొడతాయి. ఒత్తిడి తగ్గగానే తమలో కరిగి ఉన్న ఖనిజాలను ఆ పగుళ్లలోనే వదిలేస్తాయి. అందుకే కొన్ని పెద్ద గనులు బ్రెషియాలోనే ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో 1975లో కనిపెట్టిన ఒలింపిక్ డ్యామ్ గని అలాంటిదే. రాగి, యురేనియం, బంగారం ఒకే బ్రెషియాలోంచి తీస్తున్నారు.

నాలుగు, గుహ కూలిపోవడం. సున్నపురాయిని నీళ్లు నెమ్మదిగా కరిగిస్తాయి. మన బెలూం, బొర్రా గుహలు అలా పుట్టినవే. అలాంటి గుహ పైకప్పు ఎప్పుడైనా కూలితే కింద ముక్కల గుట్ట పడుతుంది. పైనుంచి కారే సున్నపు నీళ్లే దాన్ని మళ్లీ అతికిస్తాయి.

ఐదు, అగ్నిపర్వతం పేలుడు. ఆరు, ఆకాశం నుంచి ఉల్క పడటం. ఈ రెండింటికీ మన చుట్టుపక్కలే ఉదాహరణలు ఉన్నాయి.

వజ్రకరూర్ దగ్గర ఏం జరిగింది

తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూర్, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వంగి నేల వెతుకుతూ కనిపిస్తారు. వాన నీళ్లు మట్టిని కడిగేస్తే వజ్రం మెరుస్తుందని ఆశ. చాలామందికి ఏమీ దొరకదు, కొందరికి ఏడాది కష్టం తీరిపోయే రాయి దొరుకుతుంది.

వజ్రకరూర్ చుట్టుపక్కల కింబర్లైట్ పైపులు ఉన్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ల కింద, 150 కిలోమీటర్ల కన్నా ఎక్కువ లోతు నుంచి ఒక రకం శిలాద్రవం వాయువులతో కలిసి చాలా వేగంగా పైకి తన్నుకొచ్చింది. దారిలో అడ్డొచ్చిన ప్రతి రాయినీ విరగ్గొట్టి ముక్కల్ని తనతోపాటు మోసుకొచ్చింది. పైకి వచ్చాక చల్లారి గట్టిపడింది. అలా ముక్కలతో నిండిన భాగాలను కింబర్లైట్ బ్రెషియా అంటారు. ఆ ప్రయాణంలో వజ్రాలు కూడా ముక్కలతోపాటు వచ్చిన సామానే. తర్వాత కోట్ల ఏళ్ల వానలకి ఆ రాయి అరిగి, వజ్రాలు మట్టిలో కలిశాయి. ఈ రోజు పొలంలో వంగి వెతికే మనిషి, ఆ పేలుడు మోసుకొచ్చిన సరుకునే వెతుకుతున్నాడు.

ఆకాశం నుంచి పడిన దెబ్బ

మహారాష్ట్ర బుల్దానా జిల్లాలో లోనార్ సరస్సు ఉంది. 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగుకి మారితే అందరూ ఫొటోలు షేర్ చేశారు, అదే. ఆ గుంట వెడల్పు దాదాపు 1.8 కిలోమీటర్లు. మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి బసాల్టే అక్కడా ఉంది. ఆ బసాల్టు మీద ఉల్క పడి గుంట తవ్వింది. మొదట్లో ఇది అగ్నిపర్వతం నోరని అనుకున్నారు. సరస్సు అడుగున బోర్లు వేసి చూస్తే పగిలి కలిసిపోయిన బ్రెషియా దొరికింది. మామూలు పేలుళ్లలో రానంత ఒత్తిడి పడినట్టు అందులోని ఖనిజాలు చూపించాయి. 1973లో ఆ పరిశోధన బయటికొచ్చింది. సాక్ష్యం చెప్పింది పగిలిన రాయే.

జర్మనీలో నోర్డ్‌లింగెన్ అనే పాత ఊరుంది. ఆ ఊరి పెద్ద చర్చిని 15వ శతాబ్దంలో దగ్గర్లో దొరికే బూడిద రంగు రాయితో కట్టారు. ఆ ఊరు ఉన్నదే సుమారు 24 కిలోమీటర్ల వెడల్పున్న గుంటలో. దాన్నీ అగ్నిపర్వతం పనే అనుకున్నారు. 1960 ప్రాంతంలో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావ్ అనే శాస్త్రవేత్తలు ఆ రాయిలో కోయసైట్ అనే ఖనిజం కనిపెట్టారు. అది విపరీతమైన ఒత్తిడి మీదే పుడుతుంది. దాంతో తేలిందేంటంటే, దాదాపు కోటిన్నర ఏళ్ల కింద అక్కడ ఉల్క పడింది, చర్చి గోడలు ఆ దెబ్బకి పుట్టిన బ్రెషియాతో కట్టినవి. చంద్రుడి మీదకి వెళ్లబోయే అపోలో వ్యోమగాములు 1970లో అక్కడికే వచ్చి రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఆ శిక్షణ ఊరికే పోలేదు. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 తెచ్చిన రాళ్లలో ఎక్కువ భాగం బ్రెషియానే. అందులో ఒక్క రాయే దాదాపు 9 కిలోలు. 1972లో అపోలో 16 తెచ్చిన 11.7 కిలోల రాయి కూడా బ్రెషియానే, అపోలో యాత్రల్లో తెచ్చినవాటిలో అదే పెద్దది. చంద్రుడి మీద గాలి లేదు, వాన లేదు, వాగు లేదు. ఉల్కలు పడుతూనే ఉన్నాయి. ముక్కలు అరిగే అవకాశం లేదు కాబట్టి పదునుగానే మిగిలాయి. పడిన దెబ్బకి పుట్టిన వేడి, కరిగిన రాయి వాటిని అతికించాయి. మనం రాత్రిపూట చూసే ఆ నున్నటి చందమామ నేల చాలావరకు ఇలా పగిలి అతుక్కున్నదే.

రాయిని లెక్కల పుస్తకంలా చదవొచ్చు

లెక్చరర్ గారు నేర్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇది. మా నమూనా బండలో ఒక గోధుమ ముక్క మీద సన్నటి ఎర్రగీత ఉంది. ఆ గీత ముక్క అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అంటే రాయి పగలకముందే ఆ గీత ఉంది. ఇంకో తెల్లగీత ముక్కల్లోంచి, సందుల్లోంచి ఎక్కడా ఆగకుండా అడ్డంగా పోయింది. అంటే అది అంతా అతుక్కున్నాక వచ్చిన పగులు. పక్కపక్కన ఉన్న రెండు ముక్కల అంచులు ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడేలా ఉన్నాయి. అవి ఒకే రాయి నుంచి విడిపోయి ఎంతో దూరం పోలేదు.

తేదీలు లేని జర్నల్ ఎంట్రీలు ఇచ్చి వరసలో పెట్టమంటే ఎలా చేస్తాం? ఏది దేని మీద ఆధారపడిందో చూస్తాం. ఇదీ అంతే. మొదట రాయి, తర్వాత ఎర్రగీత, తర్వాత పగలడం, తర్వాత అతుకు, చివర్లో తెల్లగీత. ఆ బండ ముందు కూర్చుని పది నిమిషాల్లో ఐదు ఎంట్రీలు రాసుకున్నాను.

ప్రాణాల మీదకి వచ్చేది ఎప్పుడు?

ఇదంతా బండల అందం గురించే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. రాయి పగిలిన చోట సరిగ్గా అతుక్కోకపోతే అది మనుషుల ప్రాణాల సంగతి అవుతుంది.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలింది. లోపల చిక్కుకున్న 8 మందిలో ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. అందరూ జార్ఖండ్, ఉత్తర్‌ప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. ఆ చోట షియర్ జోన్ ఉందని, నీళ్లు ఊరుతున్నాయని అప్పట్లో వార్తల్లో చదివాం. షియర్ జోన్ అంటే ఇందాక చెప్పిన తిరగలి జరిగిన చోటు లాంటిదే. రాయి నలిగి, పగిలి ఉంటుంది. సందుల్లో గట్టి ఖనిజం నిండకపోతే అక్కడ నీళ్లు, బురద ఉంటాయి. తవ్వేకొద్దీ ముక్కలకి ఆధారం పోతుంది.

అంతకుముందు 2023 నవంబర్ 12న ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగం కూలి 41 మంది చిక్కుకున్నారు. 17 రోజుల తర్వాత అందరూ క్షేమంగా బయటపడ్డారు. పెద్ద యంత్రం విరిగిపోయాక చివరి మీటర్లు చేతులతో తవ్వింది ర్యాట్ హోల్ మైనర్లు. ఆ జట్టులో హిందువులూ ముస్లింలూ కలిసే పనిచేశారు.

పగిలిన రాయి మేలు కూడా చేస్తుంది. తెలంగాణలో చాలాచోట్ల కింద గ్రానైటే. గట్టి గ్రానైటులో నీళ్లు నిలవవు, పగుళ్లలోనే ఉంటాయి. బోరు వేసిన రైతుకి నీళ్లు పడ్డాయంటే బిట్టుకి పగిలిన పొర తగిలిందన్నమాట. అదే పగులు పలుగురాయితో పూర్తిగా పూడిపోయి ఉంటే బోరు ఎండిపోతుంది. సొరంగం తవ్వేవాడు పూడిన పగులు కావాలంటాడు, బోరు వేసేవాడు ఖాళీ పగులు కావాలంటాడు. ముందుగా సర్వే చేయించి, ఆ సర్వే చెప్పిన మాట వినడం ఇద్దరికీ అవసరమే.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మార్కెట్లో రెండు రకాలు ఉన్నాయి. గనిలోంచి దిమ్మెగా వచ్చి కోసిన సహజ బ్రెషియా ఒకటి. మార్బుల్ ముక్కల్ని రెజిన్‌తోనో సిమెంటుతోనో కలిపి ఫ్యాక్టరీలో పోసినది ఇంకోటి. రెండోది కూడా మోసం కాదు, పేరు చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మితే. ఒకటి చూపించి ఇంకోదాని డబ్బు తీసుకుంటేనే మోసం.

తేడా కనుక్కోవడానికి కొన్ని గుర్తులు. సహజ రాయిలో ముక్కల సైజు ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల గుంపుగా, కొన్నిచోట్ల పలచగా ఉంటాయి. గీతలు ముక్కల్నీ అతుకునీ కలిపి కోసుకుంటూ పోతాయి. పోసిన రాయిలో ముక్కలు మొత్తం సమంగా చల్లినట్టు ఉంటాయి, అలాంటి గీతలు కనబడవు. మూలలో కనబడని చోట బాగా కాల్చిన సూది మొనని సందులో ఆనిస్తే, రెజిన్ అయితే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. కాల్సైట్‌కి ఏ వాసనా రాదు.

ఇంకొక్క మాట. సహజ బ్రెషియా అయినా అతుకుల దగ్గర బలహీనంగా ఉండొచ్చు. అందుకే చాలా బండల వెనక జాలీ అతికించి, పైన చిన్న గుంటల్లో రెజిన్ నింపుతారు. అది వ్యాపారంలో మామూలే, కానీ అడిగి తెలుసుకోవాలి. మార్బుల్ రకమైతే యాసిడ్ అస్సలు తగలకూడదు. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే పాలిష్ పోయి తెల్లగా మచ్చలు పడతాయి.

జుమా తర్వాత కమిటీ ముందు ఇదంతా చెప్పాను. బండ అసలైనదే అని సూదితో చూపించాను. వెనక జాలీ ఉందన్న సంగతి దుకాణం మనిషి ముందు చెప్పలేదు, అడిగితే ఒప్పుకుని రేటు కొంచెం తగ్గించాడు. పెద్దాయన ఇంకా మొహం ముడుచుకునే ఉన్నారు. అప్పుడు ఇస్తాంబుల్ అయాసోఫియా ఫొటో ఫోన్‌లో చూపించాను. అక్కడి ఆకుపచ్చ స్తంభాలు గ్రీసు దేశం థెస్సలీ నుంచి తెచ్చిన బ్రెషియా రాయివి. 537లో కట్టడం పూర్తయింది. దాదాపు పదిహేను వందల ఏళ్లుగా ఎన్నో భూకంపాలు చూసి నిలబడ్డాయి. ఆయన ఫోన్ దగ్గరికి తీసుకుని, ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

చివరికి తేలింది ఇది. నేల మీద పాలిష్ బండ వద్దు, తడికి జారుతుంది, పైగా వారానికోసారి యాసిడ్ పోసే అలవాటు మానడం కష్టం. నేలకి గరుకు గ్రానైట్. ఆ బ్రెషియా బండలు కొన్ని మాత్రం కొళాయిల వెనక గోడకి. లెక్క చందాలోనే సరిపోయింది, రసీదులు నోటీసు బోర్డు మీద పెట్టాం.

పని పూర్తయ్యాక వుజూకి కూర్చున్న పెద్దాయన పక్కనున్న కుర్రాడికి గోడ చూపిస్తూ చెబుతున్నారు. "ఆ ఎర్రగీత చూశావా? అక్కడ ఆగింది చూడు. అది పగలకముందుది."